వంక పూడ్చాలా, వద్దా

ఆ ఎండాకాలం యూనివర్సిటీలో తిప్పేస్వామిని పలకరించే మనిషే లేకుండా పోయాడు. హాస్టలు ఖాళీ. మెస్సుకు తాళం. ఊరి పక్క పారే వంక మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన పిల్లాడు. దాని నీళ్లు ఎటు పారతాయో, ఏ బోర్లలోకి ఊరతాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ అడిగేవాళ్లేరీ?

సంగతేమంటే, ఆ వంకను పూడ్చి గోడౌన్లు కట్టుకుంటానని ఒక వ్యాపారి మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. వంక పూడిందా, వాననీళ్లు నేరుగా నేతకాలనీలోకే. ఇళ్లలో నేసేవాళ్లు కాళ్లు దింపుకునే మగ్గం గుంతలు ఉంటాయి చూడండి, ముందు మునిగేది అవే. కమిషనరు సంతకం ఇంకా కాలేదు, మర్నాడు పెట్టాల్సి ఉంది.

తిప్పేస్వామి తన రిపోర్టు, అదీ తెలుగులోనే రాసి, ఇద్దరికీ ఇచ్చి వచ్చాడు. వ్యాపారి మర్యాదస్తుడే, మజ్జిగ కూడా తాగించాడు. "రంగు బొమ్మలు బాగా ఏసినావప్పా" అన్నాడు. అంతే. కమిషనరు కాసేపు తిరగేసి, "సరే, చూస్తా" అన్నాడు. ఆ సాయంత్రానికి, అనుమతి వచ్చేటట్టే ఉందని తెలిసింది.

నేరుగా తన గురువు పినాకపాణి గారింటికి పోయాడు. పెద్ద ప్రొఫెసరు, అయినా అందరికీ అయ్యవారే. భార్య పోయాక ఆ ఇంట్లో రేడియో తప్ప ఇంకో గొంతు లేదు.

"ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు?"

"వాళ్లకు చదువుంది గానీ బుద్ధి లేదు సార్. ఎంత చెప్పినా ఎక్కదు. ఈ ఊర్లో వంక కోసం ఏడ్చేది నేనొక్కణ్ణే."

అయ్యవారు లేచి తన కుర్చీ చూపించారు. "కూర్చో."

"మీ కుర్చీలోనా సార్?"

"కూర్చోప్పా. ఇప్పుడు నువ్వు కమిషనరువి."

తిప్పేస్వామి మొహమాటంగా అంచు మీద కూర్చున్నాడు. అయ్యవారు ఏం చేశారనుకున్నారు? అంత పెద్దాయన బయటికి పోయి, వాకిట్లో చెప్పులు విడిచి, తలుపు తట్టి, చేతులు కట్టుకుని లోపలికి వచ్చారు.

"దండాలు సార్. నా పేరు తిప్పేస్వామి."

పాపం పిల్లాడికి నవ్వాలో లేవాలో తెలియలేదు. అయ్యవారు తన దగ్గరున్న రిపోర్టు కాపీ తీసి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. చదివారు, చదివారు, ఆపరే.

"ఇదంతా నాకు తెలుసు కదా సార్!"

"కమిషనరుకు తెలీదు. వినండి."

చివరికి కలం తీసి కుర్రాడి చేతిలో పెట్టారు. "వంక పూడ్చనియ్యాల్నా, వద్దా? రాయండి సార్."

"వద్దు!"

"వద్దని ఎవరు చెప్పినారు?"

"రిపోర్టులో ఉంది కదా సార్!"

"యాడ?"

తిప్పేస్వామి రిపోర్టు లాక్కున్నాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పాడు. చివరి పేజీ చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. 'ఈ విషయమై మరింత లోతైన అధ్యయనం అవసరం.' పరిశోధన చేసేవాళ్లందరూ అలవాటుగా రాసే మాటే లెండి, శుభలేఖ కింద 'బంధుమిత్రుల అభినందనలతో' అన్నట్టు.

అయ్యవారు ఇంకా చేతులు కట్టుకునే ఉన్నారు. "పూడ్చనిస్తే వ్యాపారికి సంతోషం. వద్దంటే కోర్టుకు పోతాడు. అక్కడ మీ తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు సార్. రాయండి."

తిప్పేస్వామి కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు.

"సార్, తేల్చి వద్దని చెప్పినాక, రేపు నాదే తప్పని తేలితే?"

"తప్పు నీది గూడా అయితాది. ఇంతవరకూ ఆ కమిషనరు ఒక్కనిదే."

తిప్పేస్వామి ఆ చివరి వాక్యం కొట్టేశాడు. కింద రాశాడు: 'వంక పూడ్చనివ్వకండి. పూడిస్తే నేతకాలనీ మునుగుతుంది.' దాని కింద తన పేరు రాసి, దానికేసే చూస్తూ ఉండిపోయాడు.

"నా పేరు ఒక్కటే ఉంది సార్."

"అవునప్పా," అన్నారు అయ్యవారు. "పొద్దున్నే పో. ఆ టయానికి కమిషనరు గూడా ఒక్కడే ఉంటాడు."