పెన్‌డ్రైవుకు కట్టిన మొక్కుదారం

"దూదమ్మ దూదమ్మ తెల్లని దూదమ్మా,
విల్లు మోగే యాళాయె లేవే దూదమ్మా..."

ఆ తర్వాతి చరణం వన్నూరమ్మకు ఎప్పుడూ గుర్తుకు రాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ విల్లుతో దూది ఏకుతూ పాడేది. మబ్బులాగా లేచిన ఆ దూదిలోనే పాట సగం చిక్కుకుని ఉండిపోయింది. అందుకని మిగతాదంతా ముక్కుతోనే పాడుకుంటూ, దర్గా వెనకగదిలో పాత కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

తెర మీద నీలం గీత చివరిదాకా నిండింది. కంప్యూటరు ఆరిపోయి మళ్ళీ వెలిగింది. వన్నూరమ్మ పాట ఆపి ముందుకు వంగింది.

"మీ భాష ఏది?" అని ఉంది తెర మీద.

"పొద్దున్నే చెప్తి కదే నీకు!" అంది వన్నూరమ్మ.

ఎవరో ఆఫీసువాళ్ళు కొత్తవి తెచ్చుకుని ఇచ్చేసిన కంప్యూటరు అది. సాయంత్రమైతే వీధిలోని ఆడవాళ్ళందరూ దాని ముందు చేరి వన్నూరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకునేవాళ్ళు. అది కాస్తా మూలపడింది. లోపల ఉన్నదంతా తుడిచేసి, సిస్టమ్ కొత్తగా వేస్తే తప్ప లేవదన్నాడు లాలప్ప తాత.

లాలప్ప తాత ఫకీరు. ఒకప్పుడు రేడియోలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసినవాడు. ఒకచోట ఎక్కువకాలం నిలిచే మనిషి కాదు. పిల్లల తల్లి అయినాక వన్నూరమ్మకు అ ఆలు దిద్దించింది ఆయనే. ముసలి యంత్రం మోయగలిగిన తేలికైన సిస్టమ్ ఒకటి పెన్‌డ్రైవులో పెట్టి ఆమె చేతికిచ్చాడు. వేలెడంత కూడా లేని ముక్కలో అంత విద్య ఎట్లా ఇమిడిందో అని ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

ఇంతలో గుమ్మంలో దర్గా కమిటీ పెద్ద హుసేనప్ప కనబడ్డాడు.

"ఏమ్మే వన్నూరమ్మా, లేచినాడా మీ పెద్దమనిషి?" అన్నాడు కంప్యూటరుకేసి చూస్తూ.

"లేస్తాండాడు మామా."

"లేచేది, పండుకునేది, మళ్ళా లేచేది! చూడు, మీ ఆడోళ్ళు వచ్చే యాళకు అది నడిస్తే సరే. లేకుంటే ఉరుసు వంటల డేగిసాలు ఈ గదిలో పెట్టిస్తా. బయట మట్టి కొట్టుకుపోతాండాయి."

"డేగిసాలకు ఇంకో చోటు చూసుకో మామా" అంది వన్నూరమ్మ, వెనక్కి తిరక్కుండానే.

అనడమైతే ధీమాగానే అంది. హుసేనప్ప పోయాక మాత్రం గది నాలుగు గోడలూ ఒకసారి చూసుకుంది. పలకలు, చాపలు, గోడ మీద ఆడవాళ్ళు సుద్దతో రాసుకున్న తమ పేర్లు. డేగిసాలు వచ్చి కూర్చుంటే ఇవన్నీ ఎక్కడికి పోవాలి?

పొద్దు వాలుతుండగా లాలప్ప తాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమంటాది?"

"పొద్దున్నుంచి ఒకటే పాట సామీ. అంతా ఎక్కించుకుంటాది, ఆరి వెలుగుతాది, మళ్ళా మొదట్నుంచి అడుగుతాది. మెమరీ ముక్కలు తీసి రబ్బరుతో తుడిచి పెట్టినా. గడియారం వెనక్కి పోతాందని లోపలి బిళ్ళ బ్యాటరీ మార్చినా. హార్డ్ డిస్కు పరీక్ష చేసినా, బాగుండాది. మీరు చెప్పింది చెప్పినట్టే చేసినా. నా తట్టు తప్పు లేదు. ఇది ముసలిదైపోయింది సామీ, చెప్పింది తలకెక్కదు."

"ముసలోళ్ళకు ఎక్కదంటావా?"

"అయ్యో, మిమ్మల్ని కాదు సామీ!"

తాత గడ్డంలో నవ్వుకున్నాడు. ఆయన చూపు కంప్యూటరు ముందువైపు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవు మీద ఆగింది. దానికి ఆకుపచ్చ దారం చుట్టి, బల్ల కాలికి ముడి మీద ముడి వేసి ఉంది. మొక్కుకున్నవాళ్ళు దర్గా కటకటాలకు కట్టే దారం.

"ఈ దారమేంది?"

"మొన్న సగం పనిలో ఎవరో పీకితే అంతా చెడిపాయె కదా. పని జరిగేటప్పుడు పీకబాకండి అంటిరి మీరు. అందుకే మొక్కుకుని కట్టేసినా. సిస్టమ్ నిలబడినాంక విప్పుతానని."

తాత కంప్యూటరు ఆపేశాడు. వంగి, ఒక్కొక్క ముడీ గోటితో నిదానంగా విప్పడం మొదలుపెట్టాడు.

"సామీ! మొక్కు తీరకముందే విప్పకూడదు!"

"తీరింది లేమ్మా."

పెన్‌డ్రైవు పీకి, దారంతో సహా ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడు లేపు."

వన్నూరమ్మ తాత ముఖంకేసి చూసింది. ఏ మీట నొక్కాలన్నా ముందు ఆ ముఖం చూడటం ఆమెకు అలవాటు. తాత కిటికీలోంచి పావురాలను చూస్తున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

కంప్యూటరు మూలిగింది. కాసేపు నల్లగా ఉండిపోయింది. ఈసారి భాష ఏదని అడగలేదు. తెర నిండా తేట నీలం పరుచుకుని, నడిమధ్య పొద్దున ఆమె కొట్టిన పేరే తెలుగులో తేలింది.

వన్నూరమ్మ ఒళ్ళోని పెన్‌డ్రైవును చేతిలోకి తీసుకుంది. లేచీలేవగానే ముందు పెన్‌డ్రైవునే చూడమని పొద్దున ఆ యంత్రానికి చెప్పింది తనే. సిస్టమ్ ఎక్కడం అయిపోయినా పెన్‌డ్రైవు పక్కనే ఉంది. యంత్రం దాన్ని చూసింది, చూసినప్పుడల్లా మొదటి పాఠం ఎత్తుకుంది.

"అంటే... ఇది పొద్దున్నే అయిపోయినాదా సామీ?"

తాత తల ఊపాడు.

సందు మొదట్లో ఆడవాళ్ళ మాటలు వినబడ్డాయి. వాళ్ళ వెనకే హుసేనప్ప తొంగిచూసి, తెర చూసి, తలగుడ్డ సర్దుకున్నాడు. "డేగిసాలు మా ఇంటి పంచలోకి మోయండిరా" అని బయటికి కేకేసి వెళ్ళిపోయాడు. గది నిండిపోయింది. ఒకామె చాప పరుస్తోంది, ఇంకొకామె "ఈ పొద్దు నేనే ముందు" అని కుర్చీ పట్టుకుంది.

తాత మాత్రం చేతికర్ర అందుకుని లేచాడు. జోలె అప్పటికే భుజాన ఉంది.

"యాడికి సామీ? రాండి, పక్కన కూచోండి" అంది వన్నూరమ్మ కంగారుగా. "పాఠం చెప్పేటప్పుడు ఏదన్నా ఆగిపోతే? నేను ఎవరి ముఖం చూసేది?"

తాత గడప దాటి, చెప్పులు వేసుకుని, ఒకసారి వెనక్కి తిరిగాడు.

"నేను పక్కనుంటే, నువ్వు మళ్ళా మొదట్నుంచే ఎత్తుకుంటావమ్మా."