వెనక్కి తిరిగిన గుర్రాలు

కైకలూరు బస్టాండు వెనక వీధిలో నాగసుధ అనే అమ్మాయి ఉండేది, ఆ పిల్లకి పరుగెత్తడం తప్ప ఆగడం తెలియదు. అన్నం వార్చకముందే కంచం ముందు కూర్చునేది. బస్సు పూర్తిగా ఆగకముందే దిగేసేది. ఎదుటివాళ్ళ మాట ఇంకా నోట్లో ఉండగానే జవాబు చెప్పేసేది, సగంసార్లు అది వాళ్ళు అడగని దానికి జవాబయ్యేది. వాళ్ళమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి, దీనికి నేనేం చెప్పినా గాలికి చెప్పినట్టే అని ఊరుకునేది.

నాగసుధ ఇంటర్ చదువుతుండేది. కాలేజీ అయ్యాక మస్తాన్‌వలి అనే అతని కంప్యూటర్ సెంటరుకి వెళ్ళేది. అక్కడ పిల్లలంతా ఒక ఆట ఆడుతుండేవాళ్ళు. అది పూర్వకాలపు రాజ్యాల ఆట. తెరమీద ఒక్కొక్కళ్ళకి ఒక చిన్న ఊరు ఉంటుంది. పొలాలు దున్నించుకోవాలి, కట్టెలు కొట్టించుకోవాలి, కొలిమి పెట్టించుకోవాలి. పండిన గింజలతో సైన్యాన్ని పోషించుకోవాలి. కత్తులవాళ్ళు, విల్లులవాళ్ళు, ఈటెలవాళ్ళు, గుర్రపురౌతులు, ఎవరు కావాలంటే వాళ్ళని తయారుచేసుకోవచ్చు. ఎదుటివాళ్ళ కోటలో జొరబడి జెండా దించినవాళ్ళు గెలిచినట్టు.

అందరూ అన్నిరకాల సైన్యాన్నీ కొంచెం కొంచెం పెట్టుకునేవాళ్ళు. నాగసుధ మాత్రం ఒక్క గుర్రాలనే పెట్టేది. ఆమె ఊళ్ళో ఏ మూల చూసినా గుర్రపుశాలలే. నడిచి వెళ్ళే సైనికుణ్ణి చూస్తే ఆమెకి ప్రాణం విసిగిపోయేది. వాడు కొండ దాటేసరికి మనం టీ తాగి రావచ్చు అనేది. అదే గుర్రాలైతే, దుమ్ము లేపుకుంటూ పచ్చికమీద ఒక్కసారిగా బయల్దేరితే, ఆ డెక్కల చప్పుడికి ఆమె కుర్చీలో కూర్చునే ముందుకి ఊగేది.

తెలియనివాళ్ళని అలాగే చాలామందిని ఓడించింది. తర్వాత వాళ్ళకి కిటుకు తెలిసిపోయింది. నాగసుధ గుర్రాలు ఎప్పుడొచ్చినా ఎదురుగానే వస్తాయి, అన్నీ ఒక్కసారే వస్తాయి. ఈటెలవాళ్ళని వరసగా నిలబెడితే చాలు. గుర్రాలు వచ్చి ఆ ఈటెలమీదే పడతాయి. అప్పటినుంచి ఆమె గుమ్మంలో కనిపించగానే పిల్లలు జట్కా వచ్చింది, దారి ఇవ్వండి అని నవ్వేవాళ్ళు.

అంతలో విజయవాడలో ఈ ఆటకి పెద్ద పోటీ పెడుతున్నారని తెలిసింది. ఊరికొక టీము, టీముకి నలుగురు. మస్తాన్‌వలి ముగ్గుర్ని తీసేసుకున్నాడు. నాలుగో చోటుకి ఇద్దరు మిగిలారు. ఒకరు నాగసుధ, రెండోవాడు ఐటీఐ చదివే దావీదు. అతను నిదానస్తుడు. వేరుశెనక్కాయలు ఒలుచుకుని తింటూ ఆడేవాడు. ముందు కోటగోడ కట్టుకునేవాడు, తర్వాత గోడ నిండా ఈటెలవాళ్ళని నింపుకునేవాడు, ఆపైన ఎదుటివాళ్ళు వచ్చి తలకొట్టుకునేదాకా కదిలేవాడు కాదు.

నాగసుధకి ఆ చోటు కావాలి. ఎంత కావాలంటే, ఆ మాట పైకి అంటే ఎక్కడ చెదిరిపోతుందోనని ఇంట్లో మామూలుగా చెప్పినట్టు చెప్పింది. వాళ్ళమ్మ అంతా విని, ఎంపికైతే విజయవాడ వెళ్ళు, కాకపోతే ఆ సెంటరు గడప మళ్ళీ తొక్కకు, చదువు చూసుకో అంది. ఆ మాటమీద ఇంక బేరం లేదు.

అసలు ఆటకి వారం ముందు మస్తాన్‌వలి వాళ్ళిద్దరినీ ఒకసారి ఊరికే ఆడమన్నాడు. నాగసుధ గుర్రాలు తయారవగానే అన్నిటినీ దావీదు కోటమీదికి తోలింది. దావీదు గోడ ముందు ఈటెలు దించాడు. అతను చేతిలో ఉన్న వేరుశెనక్కాయ ఒలిచేలోపు ఆట అయిపోయింది. పిల్లలు నవ్వలేదు. అది ఇంకా అవమానంగా ఉంది.

మస్తాన్‌వలి ఆమెని పక్కకి పిలిచాడు.

"అమ్మాయ్, సగం గుర్రాలు తీసేసి సగం ఈటెలవాళ్ళని పెట్టుకో. నీకు చోటు దక్కాలనే చెప్తున్నా."

"గుర్రాలు తీసేస్తే నేనెందుకన్నా ఆడటం? ఇంకో దావీదు సరిపోతాడుగా మీకు."

మస్తాన్‌వలి అసలు ఆట ఆదివారం అని మాత్రం గుర్తుచేశాడు.

ఆ వారమే నాగసుధ బాబాయి వీరాస్వామి బాతుల మందతో వచ్చి ఊరిబయట దిగాడు. కోతలు అయిపోయిన చేలల్లో రాలిన గింజలు బాతులకి మేపుకుంటూ ఊరూరూ తిరగడం ఆయన పని. శుక్రవారం సాయంత్రం అమ్మ క్యారేజీ ఇచ్చి పంపించింది. నాగసుధ మనసంతా సెంటరుమీదే ఉంది. క్యారేజీ ఇచ్చేసి పరుగున వెళ్ళి రెండు ఆటలైనా ఆడుకోవాలి. కానీ బాబాయి మడమలో ముల్లు దిగి కుంటుతున్నాడు. బాతుల్ని రోడ్డు దాటించి అవతల వలకట్టిన దొడ్లోకి తోలిపెట్టమన్నాడు. చివర ప్లాస్టిక్ కవరు కట్టిన పొడుగు గెడకర్ర ఆమె చేతికిచ్చాడు.

ఇదెంతసేపు అనుకుంది నాగసుధ. గెడ ఊపుకుంటూ, హోయ్ హోయ్ అని అరుచుకుంటూ మంద మధ్యకి దూకింది. మంద పగిలిపోయింది. కొన్ని కాలవలో పడ్డాయి, కొన్ని గట్టెక్కాయి, కొన్ని ఆమె కాళ్ళ మధ్యనుంచే వెనక్కి పోయాయి. ఆమె ఎటు పరుగెత్తితే అటువి తప్ప మిగిలినవన్నీ వేరేవైపు పోతున్నాయి. చివరికి బురదలో మోకాలిదాకా దిగి, చెప్పు ఒకటి పోగొట్టుకుని, ఏడుపు మొహంతో నిలబడిపోయింది.

బాబాయి కోప్పడలేదు. కుంటుకుంటూ వచ్చి గెడ తీసుకున్నాడు. బాతుల దగ్గరికి వెళ్ళలేదు. వాటికి దూరంగా, బాగా దూరంగా, చేను గట్టు పట్టుకుని పక్కగా నడిచాడు. ఒకచోట ఆగాడు. అటు పోతున్న బాతులు ఆగాయి. ఆయన గెడ కొంచెం వాల్చాడు, అవి ఇటు తిరిగాయి. కాలవలోవి మాత్రం బెదిరిపోయి ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు ఆయన వాటివైపు వెళ్ళకుండా వెనక్కి జరిగాడు. కాసేపటికి అవే గట్టెక్కి, ఆయన వదిలిన చోటులోకి ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి.

"మీద పడితే చెదురుతాయమ్మడూ. నువ్వు వెనక్కి జరిగి చోటిస్తే, ఆ చోటులోకి అవే వస్తాయి. ఎటు రావాలో చోటిచ్చి నువ్వే చెప్తావు, వాటికి తెలీదంతే."

"మరి రాకపోతే?"

"వస్తాయి. వచ్చేదాకా నిలబడటమే మన పని."

నాగసుధ ఆ రోజు సెంటరుకి వెళ్ళలేదు. శనివారం సాయంత్రం కూడా వెళ్ళలేదు. బాతుల దగ్గరికే వెళ్ళి, బాబాయి గట్టుమీద కూర్చుని బీడీ కాల్చుకుంటుంటే, తానే గెడ పట్టుకుని మందని రోడ్డు దాటించింది. ఒకసారి కాలు ముందుకి పడబోయింది. బలవంతంగా వెనక్కి తీసుకుంది. మంద చెదరలేదు.

ఆదివారం సెంటరు నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లలు కిటికీలెక్కి కూర్చున్నారు. దావీదు పొట్లం విప్పుకుని మామూలుగా మొదలుపెట్టాడు. ముందు పొలాలు, తర్వాత గోడ, తర్వాత ఈటెలు. నాగసుధ మళ్ళీ గుర్రాలే పెట్టింది. వెనక ఎవరో నిట్టూర్చారు. మస్తాన్‌వలి కూడా తల అడ్డంగా ఊపాడు.

గుర్రాలు తయారయ్యాయి. అందరూ దుమ్ము లేస్తుందని చూస్తున్నారు. లేవలేదు. నాగసుధ గుర్రాల్లో ఎక్కువ భాగాన్ని దావీదు కోటకి పక్కనున్న కొండ వెనక్కి చుట్టు తిప్పి పంపి, దావీదు తెరమీద కనపడనిచోట కదలకుండా నిలబెట్టింది. గుప్పెడు గుర్రాల్ని మాత్రం దావీదు పొలంలోకి తోలింది. అవి పైరు తొక్కడం మొదలుపెట్టాయి.

దావీదు కోట తలుపు తీయించి ఈటెలవాళ్ళని కొందర్ని పంపాడు. వాళ్ళు దగ్గరికి రాగానే గుర్రాలు వెనక్కి తిరిగి పారిపోయాయి. సెంటరంతా గొల్లున నవ్వింది. ఈటెలవాళ్ళు తిరిగి కోటలోకి వెళ్ళబోయారు. గుర్రాలు మళ్ళీ పొలంలో దిగాయి. మళ్ళీ తరిమారు, మళ్ళీ పారిపోయాయి. పారిపోయిన ప్రతిసారీ అంతకుముందుకంటే కొంచెం దూరంలో ఆగాయి.

"ఏం సుధా, అవి గుర్రాలా కుందేళ్ళా?" అన్నాడు దావీదు.

జట్కా రివర్సు గేరులో పోతోంది అని కిటికీలోంచి ఒకడు అందుకున్నాడు. నాగసుధ చెవులు ఎర్రబడ్డాయి. ఎవరి మాటకైనా వెంటనే జవాబు చెప్పే పిల్ల, ఆ ఊళ్ళో మొదటిసారి పెదవి విప్పలేదు. ఆమె పారిపోతున్న గుర్రాల్ని చూడటం లేదు. కోట తలుపుని చూస్తోంది.

దావీదుకి పైరు పోతోంది. పైరు పోతే ఈటెలవాళ్ళకి తిండి ఉండదు. పైగా ఆ గుప్పెడు గుర్రాలు ఇప్పుడు పొలం అవతలున్న ఏటి ఒడ్డుకి వెళ్ళి, వెనక నీళ్ళు, ముందు దారి లేనట్టు నిలబడ్డాయి. ఇక్కడితో కథ ముగించేద్దామని అతను ఇంకొందరు ఈటెలవాళ్ళని దింపాడు. వాళ్ళు ఏటిగట్టు పొడుగునా పొడవాటి వరసగా సాగారు. సాగేకొద్దీ వరస మధ్యలో సందులు పడ్డాయి.

ఆ సందులు నాగసుధకి కనిపించాయి. కొండ వెనకనుంచి ఒక్క దూకు దూకితే ఆ వరస రెండు ముక్కలవుతుంది. ఆమె వేలు మౌస్‌మీదికి వెళ్ళింది. వారం కిందటి నాగసుధ అయితే ఈపాటికి దూకేసి ఉండేది. కానీ కోట తలుపు దగ్గర ఇంకా ఈటెలు మెరుస్తున్నాయి. ఇప్పుడు దూకితే వాళ్ళు తలుపు మూసేస్తారు, మళ్ళీ అదే గోడ, మళ్ళీ అదే ఓటమి. కాలవలో బెదిరి ఆగిపోయిన బాతులు ఆమెకి గుర్తొచ్చాయి. వేలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏటి ఒడ్డున ఉన్న గుర్రాల్ని ఇంకొంచెం పక్కకి జరిపి, ఇంకొంచెం చోటిచ్చింది.

దావీదు ఆ చోటు చూశాడు. అటునుంచి కూడా చుట్టేస్తే ఒక్క గుర్రం మిగలదు. తలుపు దగ్గరున్న వాళ్ళని కూడా పంపేశాడు.

చివరి ఈటెవాడు పొలం దాటాడు. నాగసుధ ఇంకో ఊపిరి తీసుకునేంతసేపు ఆగింది. అప్పుడు కదిలింది.

కొండ వెనకనుంచి గుర్రాలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ఆ డెక్కల చప్పుడికి సెంటరులో నవ్వు తెగిపోయింది. అవి ఈటెలమీదికి వెళ్ళలేదు. వాటిని తప్పించుకుని, తెరిచి ఉన్న తలుపులోకి దూసుకుపోయాయి. దావీదు పొట్లం కిందపడేసి ఈటెలవాళ్ళని వెనక్కి తిప్పాడు. తిప్పగానే, అంతసేపూ పారిపోయిన కుందేళ్ళు ఆ వరస వెనకపడి కొట్టడం మొదలుపెట్టాయి. ముందుకి నడిస్తే వెనకనుంచి దెబ్బ, వెనక్కి తిరిగితే కోట పోతుంది. కాలినడకవాళ్ళు, పాపం, ఎటు ఎంతని పరుగెత్తుతారు. వాళ్ళు సగం దారికి రాకముందే దావీదు జెండా కిందికి దిగి, గుర్రాల జెండా పైకి లేచింది.

కిటికీల్లో ఉన్నవాళ్ళు కిందికి దూకారు. రివర్సు గేరన్నవాడే అందరికంటే గట్టిగా ఈలవేశాడు. మస్తాన్‌వలి వచ్చి నాగసుధ కుర్చీ వెనక నిలబడి, తెరవైపు చాలాసేపు చూశాడు.

"ఒక్క ఈటెవాడు లేకుండా ఆ గోడ దాటావా అమ్మాయ్. నాలుగో చోటు నీది" అన్నాడు.

దావీదు కిందపడ్డ వేరుశెనక్కాయలు ఏరుకుంటూ నవ్వేశాడు.

"నేనే తలుపు తీసి పిలిచాను కదే నిన్ను."

"చోటిచ్చాను, నువ్వే వచ్చావు" అంది నాగసుధ. ఆ పూట ఆమె అన్న మొదటి మాట అది. అప్పుడే మస్తాన్‌వలి వైపు తిరిగి, విజయవాడ వెళ్ళేదాకా దావీదు రోజూ మాతో ఆడాలి అన్నా, ఇంత గట్టి గోడ ఇంకెవరు కడతారు అని అడిగింది. దావీదు సరేనన్నాడు, వేరుశెనక్కాయలు మాత్రం మీరే కొనిపెట్టాలన్నాడు.

విజయవాడలో ఆ టీము కప్పు గెలిచింది. చివరి ఆటలో జెండా దించింది గుర్రాలే. తిరిగొచ్చిన రోజు నాగసుధ బస్సు పూర్తిగా ఆగాకే దిగింది. ఆ సంగతి కప్పుకంటే ముందు వాళ్ళమ్మ కంటపడింది. అక్కణ్ణుంచి కప్పు పట్టుకుని నేరుగా బాతుల దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా బాబాయికి చెప్పింది. ఆయనకి ఆ ఆట ఏమిటో అర్థం కాలేదు. అంతా విని, అన్ని గుర్రాలకి మేత ఎలా పెట్టావమ్మడూ అని అడిగాడు. ఆ మాటకి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత గెడకర్ర అందుకుని, దూరంగా గట్టుమీదికి వెళ్ళి, బాతులు తిరిగేదాకా నిదానంగా నిలబడింది.

పిల్లలూ, మనకి ఇష్టమైనదాన్ని ఎవరో నవ్వారని వదులుకోనక్కర్లేదు, కానీ దాంతో గెలవాలంటే పరుగు ఒక్కటే చాలదు, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి జరగాలో కూడా నేర్చుకోవాలి.