ఓబులేసుకి కబురు

నాలుగు రోజుల్లో వాలీబాల్ పందేలు. రాయుడి జట్టుకి లిఫ్టరు లేడు.

ఆట చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎగిరి బంతిని అవతలి నేలకేసి కొట్టేవాడు స్మాషరు. అతను కొట్టడానికి వీలుగా వల పక్కన బంతిని పైకెత్తి పెట్టేవాడు లిఫ్టరు. చప్పట్లన్నీ మొదటివాడికి, తిట్లన్నీ రెండోవాడికి. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల జట్టులో చెన్నరాయుడు పద్నాలుగేళ్ళుగా మొదటివాడు. కెప్టెను కూడా అతనే.

అందులో తొమ్మిదేళ్ళు అతనికి బంతి ఎత్తినవాడు ఓబులేసు. ఇద్దరూ ఒకే బడి, ఒకే గురువు. రాయుడు ఎగిరేసరికి బంతి అక్కడ ఉండేది. ఎలా ఉండేదో రాయుడు ఎప్పుడూ ఆలోచించలేదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, ఎవరు ఆలోచిస్తారు?

మూడేళ్ళ క్రితం ఒక ఫైనల్లో, ఆఖరి పాయింటు దగ్గర, ఓబులేసు ఎత్తిన బంతి జానెడు కిందికి వచ్చింది. అప్పటికే అతని ఉంగరం వేలు వాచి ఉంది. రాయుడు ఆ బంతి కోసం వంగలేదు. చెయ్యి కూడా చాచలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. బంతి వచ్చి అతని కాళ్ళ దగ్గర పడింది. తప్పెవరిదో చుట్టూ ఉన్న జనానికి తెలియాలి కదా అని అతని ఉద్దేశం. బాగానే తెలిసింది. నెల తిరక్కుండా ఓబులేసు చీమకుర్తి వైపు ఒక గ్రానైటు ఆసామి జట్టులో చేరిపోయాడు. గొడవ పడలేదు, చెప్పీ పోలేదు.

ఆ తర్వాత నలుగురు వచ్చారు. కనిగిరి నుంచి వచ్చినవాడు బంతిని మరీ ఎత్తు లేపుతాడన్నాడు రాయుడు. గిద్దలూరు రైల్వే ఉద్యోగి మరీ నిదానమన్నాడు. మూడోవాడు, "నేను బంతి చూడాల్నా, నీ మొహం చూడాల్నా?" అని అడిగి, ఆట మధ్యలో చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు. నాలుగోవాడు కాసీం మొన్న ఆదివారం కంభం జట్టులో కనిపించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఊళ్ళో రాయుడి వెనక అనుకుంటూనే ఉన్నారు. ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎందుకంటే అతను ఆడగలడు, అదీ చిక్కు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, మిగిలినవాళ్ళలో ఇద్దరు వచ్చి, "పందేల్లోగా సరైన లిఫ్టర్ని చూడన్నా. లేకుంటే మా దారి మేం చూసుకుంటాం," అన్నారు. ఆ ఇద్దరూ పోతే ఇక జట్టనేది లేదు. ఫ్యాక్టరీలే ఒక్కొక్కటిగా మూతపడుతున్న ఊళ్ళో కొత్తగా జట్టు కట్టడమంటే మాటలు కాదు. రాయుడికి ముప్పై ఎనిమిదేళ్ళు. పగలంతా పలకలు కోసే మిషను దగ్గర దుమ్ము మింగేవాడికి సాయంత్రం ఆ రెండు గంటలే బతికినట్టుండేది. అవి కూడా పోతున్నాయి. అన్నం సయించడం లేదు, భార్య పలకరిస్తే కసురుతున్నాడు, కసిరాక బాధపడుతున్నాడు.

చివరికి బండి తీసి దస్తగిరి మాస్టారి ఇంటికి బయలుదేరాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. రాయుడికీ ఓబులేసుకీ బంతి పట్టడం నేర్పింది ఆయనే. రాయుడు ఆ గడప తొక్కి మూడేళ్ళు దాటింది, ఆయన ఎలా ఉన్నారని ఎవరినీ అడిగిందీ లేదు.

మాస్టారు వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, నేను."

"రాయుడా? రారా. ఇన్నాళ్ళకి దారి దొరికిందా?"

రాయుడు తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"నెల్లూరోడొకడున్నాడు మాస్టారూ. ఈ పందేల వరకే వస్తానంటన్నాడు. తర్వాత ఎవరు పిలిస్తే వాళ్ళకాడికి పోతాడంట. మనోళ్ళలో మస్తానున్నాడు. ఎత్తుతాడు గానీ బంతి కిందికొస్తది."

"మస్తాను మంచోడేగా?"

"మంచోడే. మంచితనానికి పాయింట్లు రావుగా మాస్టారూ."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మస్తాను ఐదేళ్ళుగా ఆ జట్టులోనే ఉన్నాడు, రోజూ అందరికంటే ముందొచ్చి వల కడతాడు. రాయుడి కంటికి అతను వల కట్టేవాడే.

రాయుడు అసలు వచ్చిన పని అప్పుడు బయటపెట్టాడు.

"ఓబులేసుకి మీరు కబురు చెయ్యాల. నేను పిలిస్తే రాడు. మీ మాట మాత్రం తీసెయ్యడు. వాడొస్తే జట్టు నిలబడుద్ది. లేకుంటే అయిపోయినట్టే. మీ కాళ్ళు పట్టుకుంటా మాస్టారూ."

"బంతి తెచ్చావా?" అన్నారు మాస్టారు.

"బండి మీదుంది."

"పద."

ఇంటి ఎదురుగానే హైస్కూలు మైదానం. మాస్టారు అతని భుజం పట్టుకుని మెల్లగా నడిచారు. ముసలితనం మీద పడిందనుకున్నాడు రాయుడు, ఇన్నాళ్ళూ రానందుకు తనని తాను తిట్టుకున్నాడు. మైదానంలో రెండు ఇనప గుంజలు తప్ప ఏమీ లేవు. వల లేదంటే, తాడు కట్టమన్నారు మాస్టారు. బండికున్న తాడు విప్పి కట్టాడు. మాస్టారు తడుముకుంటూ వెళ్ళి ఒక గుంజకి వీపు ఆనించి నిలబడ్డారు.

"బంతి నా చేతుల్లో పెట్టు. నేను ఎత్తుతా, నువ్వు కొట్టు."

"మీరా మాస్టారూ?"

"ఏం, ఓబులేసుకి నేర్పింది ఎవరు?"

గురువు ఎత్తిన బంతి నేల తాకితే శిష్యుడికి సిగ్గు. ఆ ఊరి ఆటగాళ్ళకి ఇది పెద్ద పట్టింపు. ఓడిపోవడమైనా ఒప్పుకుంటారు గానీ దీన్ని ఒప్పుకోరు. రాయుడు చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి, బంతి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు.

మొదటి బంతి అతని తల మీదుగా వెనక్కి పోయింది. రాయుడు వెనక్కి పరిగెత్తి, గాల్లోనే తిరిగి, ఎలాగో తాడు దాటించాడు. రెండోది పైకి లేవకుండానే మోకాలి ఎత్తుకి దిగిపోయింది. రాయుడు నేల మీద దొర్లి దాన్ని పిడికిలితో లేపి, లేచి మళ్ళీ కొట్టాడు. మూడోది ఎడమకి పోతే ఎడమ చేత్తో కొట్టాడు. జన్మలో ఎడమ చేత్తో కొట్టి ఎరగడు. ఒక బంతి గుంజ పక్కనుంచి బయటికి పోతుంటే ఎగిరి దూకాడు. కంకర మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. ప్రతిసారీ అవతలికి పోయి, బంతి తీసుకొచ్చి, తుడిచి, మాస్టారి చేతుల్లో పెట్టాడు. ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు. "బాగుంది మాస్టారూ, ఇంకోటి," అని కూడా అన్నాడు. ఆ కాసేపు అతనికి పందేలూ గుర్తులేవు, జట్టు విరిగిపోతుందన్న సంగతీ గుర్తులేదు.

మాస్టారు చేతులు దించారు. "ఎన్ని ఎత్తాను?"

"పదకొండు."

"నువ్వెన్ని కొట్టావు?"

"పదకొండూ కొట్టాను మాస్టారూ," అన్నాడు రాయుడు రొప్పుతూ. చాలా రోజుల తర్వాత అతని మొహంలో ఇంత నవ్వు కనిపించింది.

"నా బంతులు ఎట్టా ఉన్నాయి?"

"మీ బంతికి వంకేముంది మాస్టారూ."

"నాకు చూపు పోయి రెండేళ్ళయిందిరా," అన్నారు మాస్టారు. "గొంతును బట్టే నువ్వని పోల్చుకున్నా. తాడు ఏ మూలుందో, నువ్వేడ నిలబడ్డావో నాకు తెలవదు. పైకి విసిరేశా, అంతే."

రాయుడు అప్పుడు చూశాడు ఆయన కళ్ళలోకి. వచ్చినప్పటి నుంచి ఒక్కసారీ చూడలేదు. రెండు కళ్ళూ అతని మొహం మీద కాక, పక్కనెక్కడో ఖాళీ మీద నిలిచి ఉన్నాయి. మోకాలి నుంచి నెత్తురు పిక్క మీదికి జారుతోంది. అతను తుడుచుకోలేదు. ఆ ఫైనలు, ఆ కనిగిరి వాడు, ఆ రైల్వే ఉద్యోగి, చొక్కా తొడుక్కుని పోయినవాడు, కాసీం, అందరూ వరసగా గుర్తొచ్చారు. ఏడవాలనిపించింది గానీ ఏడుపు కూడా రాలేదు.

మాస్టారు గుంజ పట్టుకుని అతని వైపు తిరిగారు.

"ఇప్పుడు చెప్పు. పొద్దున్నే మనిషిని పంపిస్తా. ఓబులేసుకి ఏమని చెప్పమంటావు?"

రాయుడు ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు. "ఆ ఫైనల్లో ఆఖరి బంతి నాకందేదేనని చెప్పమనండి మాస్టారూ," అన్నాడు.