గంగిరెద్దు సాక్ష్యం

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మా తుంగమిట్ట బీడులో గడ్డిపరక మిగల్లేదు. ఉన్నదల్లా పెద్దేనుగు కాపలాలో ఉన్న గడ్డివాము ఒక్కటే. పని పోయిన జంతువుకి వానలు పడేదాకా రోజుకో మోపు ఇవ్వాలని మా దగ్గరో కట్టుబాటు. చుట్టుపక్కల ఏ బీడులోనూ ఇలాంటిది లేదు. అందుకే మేం కాస్త గొప్పగానే చెప్పుకుంటాం.

మోపుల కోసం చాలా జంతువులే వచ్చాయి. చాకిరేవు గాడిద పోలమ్మని, యజమాని ట్రాలీ ఆటో కొనుక్కుని వదిలేశాడు. గంగిరెద్దు సింహాద్రిని ఆడించేవాడు పట్నంలో వాచ్‌మన్‌గా చేరిపోయాడు.

నక్కకి మంత్రి పదవి మీద కన్ను. మెల్లగా ఏనుగు పక్కన చేరింది.

"ఇంత గడ్డి పంచేస్తే తమకేం మిగులుతుంది దొరా? వీటివన్నీ దొంగ ఆకళ్లు. అందరికీ పనుంది, అందరూ హాయిగా ఉన్నారు. నేను వాకబు చేశాను. కావాలంటే సభలో అడిగి చూపిస్తాను."

సభలో నక్క సింహాద్రినే ముందుకి పిలిచింది.

"సింహాద్రన్నా, నీకు పనుందా?"

సింహాద్రి తల ఊపింది.

"సంతోషంగా ఉన్నావా?"

మెడలో గంటలు గల్లుమనేలా ఊపింది.

"మరి గడ్డి అక్కర్లేదుగా?"

మళ్లీ ఊపింది. ఊరూరా తిరిగి నేర్చిన ఊపు అది, చూడముచ్చటగా ఉంటుంది. వెనక మోపుల కోసం నిలబడ్డ జంతువులు మాత్రం ఉసూరుమన్నాయి.

"చూశారా దొరా?" అంది నక్క.

పోలమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, నేనూ రెండు మాటలు అడగొచ్చా?"

"అడుగు" అంది ఏనుగు.

"సింహాద్రన్నా, ఈ నక్క అబద్ధాలకోరేనా?"

సింహాద్రి తల ఊపింది.

"వానలు పడేదాకా దీన్ని వాము చుట్టూ కాపలా తిప్పుదామా?"

ఈసారి ఇంకా బాగా ఊపింది.

నక్కకి ఒళ్లు మండిపోయింది. "దాని మాట పట్టించుకుంటారేంటి దొరా? అది గంగిరెద్దు. ఎవరేం అడిగినా తలూపుతుంది."

"అయితే ఇందాక నువ్వడిగినప్పుడూ అంతేనన్నమాట" అంది ఏనుగు.

ఏనుగు సింహాద్రి దగ్గరికి నడిచింది. "నువ్వేం చెప్పినా నీ మోపు నీకుంటుంది. ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావు?"

సింహాద్రి తల కదల్చలేదు. "నలుగురిలో గట్టిగా అడిగితే తలూపడం నా వృత్తి దొరా. అందులో నాకు సాటి లేరని ఎక్కడైనా తలెత్తుకుని చెబుతాను. పనంటే నాకు ప్రాణం. ఆ పని పోయి రెండు నెలలైంది. ఆకలేస్తోంది."

ఆ పూటే మోపులు పంచారు. మా తుంగమిట్ట మాట నిలబడింది. ఏనుగు ఆజ్ఞ మీద నక్క వానలు పడేదాకా వాము చుట్టూ కాపలా తిరుగుతూనే ఉంది. ఏనుగు ఎదురై పనెలా ఉందని అడిగితే, "చాలా సంతోషంగా ఉంది దొరా" అనేది.

నీతి: కాదన్నా కూడు పోదని మాటిచ్చాకే, పనివాణ్ని సుఖమా అని అడగాలి.