వెళ్తానందా, వెళ్ళొస్తానందా

ఈ లోకంలో నాకు అర్థం తెలియని కల లేదు. ఏనుగు వెంటపడితే ఏమిటో, పళ్ళూడితే ఏమిటో, నడిసంతలో చొక్కా లేకుండా నిలబడితే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నిద్రలో లేపితే నాకు పోయేదేమీ లేదు కూడా. పుట్టి బుద్ధెరిగాక నాకు ఒక్క కలా రాలేదు.

ఈ కథలో అర్థాలాయన అని ఒకడుంటాడు. వాడు నేనే. కానీ ఇలాంటి కథల్లో ‘నేను’ అని రాస్తే పరువు తక్కువట. రాజు, కాకి, నక్క అంటూ కాస్త ఎడంగా నిలబడి చెప్పాలట. అందుకని ‘అతను’ అంటాను. మీరూ ఏమీ ఎరగనట్టే చదవండి.

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో కల వచ్చినవాళ్ళు పళ్ళు తోముకుని నేరుగా అర్థాలాయన అరుగు మీదికి వచ్చేవారు. అతనికి నిండా పాతికేళ్ళు లేవు. తాత వదిలిపోయిన పాత పంచాంగం ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. దానికి అట్ట లేదు. చెప్పిన కలంతా కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత పంచాంగం తెరిచి, ఎప్పుడూ తెరిచే పేజీలోనే వేలు పెట్టి, పైనుంచి కిందికి జార్చి, ఒకచోట ఆపి అర్థం చెప్పేవాడు. పేజీ ఒక పాలు చెబితే నోరు మూడు పాళ్ళు చెప్పేది.

కలలో పెళ్ళి చూశాను, కీడంటారు కదా అని ఒకావిడ వణుకుతూ వస్తే, మెలకువలో చేసుకున్నవాళ్ళు మాత్రం ఏం బావుకున్నారని అడిగాడు. బట్టతల మావయ్య తన కలలోకి దువ్వెన వచ్చిందన్నాడు.

“మీ కలలోకి అది రాలేదు మావయ్యా, దాని కలలోకే మీరు వెళ్ళుంటారు. పాపం, బెంగ పెట్టుకుంది.”

అరుగంతా నవ్వింది. మావయ్యే అందరికంటే ఎక్కువ నవ్వాడు. అలా ఊరు తేలికపడి ఇంటికి పోయేది. అర్థం కుదిరిన కల మళ్ళీ వచ్చేది కాదు. అది అర్థాలాయన ఘనతేనని ఊరు అనుకుంది. అతనూ అనుకున్నాడు.

ఒకరోజు రేవమ్మ వచ్చింది. రేవులో పడవ నడుపుతుంది కాబట్టి ఆ పేరు; అసలు పేరు ఊరు మరిచిపోయింది. ఆ అరుగు ఎక్కడం ఆమెకు అదే మొదలు.

ఆమెకు ఒక్కతే కూతురు. ఎనిమిదో ఏట జ్వరంతో పోయింది. అది జరిగి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచీ తెల్లవారుజామున ఆ పిల్ల కలలోకి వస్తోంది. పడవలో ముందు పీట మీద కూర్చుంటుంది, పాదాలు తడిగా ఉంటాయి, ఒక చెయ్యి నీళ్ళలో వేసి ఆడిస్తుంది. మొదట్లో మెడ దాకా ఉండే జడ ఇప్పుడు నడుం దాటింది. ఓణీ వేసుకుంటోంది. ఏటి మధ్యకు వచ్చాక వెనక్కి తిరిగి ఏదో అంటుంది. తెడ్డు చప్పుడులో ఆ మాట వినపడదు.

“ఆ ఒక్క మాటా ఏమిటో చెప్పు నాయనా,” అంది రేవమ్మ. “ఇంకేం అక్కర్లేదు.”

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. నవ్వులేని అరుగు మీద ఎలా కూర్చోవాలో అతనికి తెలియదు. గబగబా పంచాంగం తెరిచి వేలు జార్చాడు. ‘పాదం’ అన్న మాట దగ్గర వేలు ఆగింది. పిల్ల పాదాలు తడిగా ఉన్నాయంది కదా అనుకున్నాడు. దానికెదురుగా ‘ప్రయాణం’ అని ఉంది.

“ప్రయాణమైంది అత్తా. సెలవడుగుతోంది,” అన్నాడు.

రేవమ్మ ఆ పేజీ వంక చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు.

“వెళ్తానంటోందా, వెళ్ళొస్తానంటోందా?”

ఆ ఊళ్ళో గడప దాటేవాళ్ళెవరూ ‘వెళ్తాను’ అనరు. పక్కింటికి మజ్జిగ తోడు కోసం పోయేవాళ్ళు కూడా ‘వెళ్ళొస్తాను’ అంటారు. ‘వెళ్తాను’ తిరిగి రానివాళ్ళ మాట. పంచాంగంలో ఆ తేడా లేదు. లేదని చెప్పేస్తే సరిపోయేది. కానీ అరుగు నిండా జనం, పైగా తెలియదనడం అతనికి అలవాటు లేదు. పోయిన బిడ్డ సంగతి కదా, ఇక్కడైనా పెద్దమనిషిలా మాట్లాడదామనుకున్నాడు. పుట్టాక మొదటిసారి వేళాకోళం మానేశాడు.

“వెళ్తాననే,” అన్నాడు. “నీ నోటిమాట కోసం ఆగింది. పంపించు.”

మర్నాడు తెల్లవారుజామున పిల్ల వచ్చి ముందు పీట మీద కూర్చుంది. ఏటి మధ్యలో వెనక్కి తిరిగింది. పెదవి కదిలేలోపలే తల్లి అనేసింది, సరే వెళ్ళమ్మా అని. పిల్ల కాసేపు తల్లినే చూసింది. పడవ అవతలి ఒడ్డు తాకగానే దిగి, ఇసుకలో పైకి నడిచి వెళ్ళిపోయింది. వీపు మీద జడ అటూ ఇటూ ఊగడం రేవమ్మకు చాలాదూరం కనపడింది.

ఆ తర్వాత పిల్ల రాలేదు.

నెల తిరిగాక రేవమ్మ మళ్ళీ అరుగెక్కింది. ఈసారి కూర్చోలేదు.

“నీ అర్థం నువ్వు తీసుకో నాయనా. నా కల నాకిచ్చెయ్.”

అతను ఆమెకు చాలా నచ్చజెప్పాడు. పిల్ల సుఖంగా ఉందన్నాడు. కథల్లో, కావ్యాల్లో కూడా ఇంతేనన్నాడు. రాజుకు కల వస్తుంది, మంత్రి అర్థం చెబుతాడు, తెల్లారేసరికి అది జరుగుతుంది, పని అయిపోయిన కల మళ్ళీ ఎందుకొస్తుంది అన్నాడు. రేవమ్మ అంతా విన్నది.

“రాజుగారి కల కబురు తెస్తుందేమో. నా దగ్గరికొచ్చింది కబురు కాదు, చుట్టం. గుమ్మంలోకొచ్చిన చుట్టాన్ని ఏం పనిమీద వచ్చావని అడుగుతామా? నేను నీ చేత అడిగించాను. అభిమానం గల పిల్ల, వెళ్ళిపోయింది.”

అతను ఒళ్ళోంచి పంచాంగం తీసి పక్కన పెట్టాడు.

“ఒకసారి కన్నాను, జ్వరం పట్టుకుపోయింది. మళ్ళీ కన్నాను. ఈసారి నా నోటితో నేనే పంపాను.”

మన భాషలో బిడ్డనూ కంటాం, కలనూ కంటాం. ‘కన్నాను’ అన్న మాట ఆ అరుగు మీద అతను రోజూ వినేవాడు. చెవికెక్కింది ఆ రోజే.

వెనక్కి తీసుకున్నానని పదిమంది ముందూ చెప్పాడు. రేవమ్మ ఆశగా ఇంటికి పోయింది. వారం రోజులు పొద్దు కుంకకముందే పడుకుంది. ఎవరూ రాలేదు. అర్థాలాయన అరుగు కడిగి, పంచాంగం అటక మీద పడేశాడు.

తర్వాతెప్పుడో బట్టతల మావయ్య దారిలో కనపడి, దువ్వెన మళ్ళీ వస్తోందిరా అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నువ్వు చెప్పింది ఉత్త వేళాకోళం కదా, అది నొచ్చుకోలేదు అన్నాడు. ఆ రోజు అర్థాలాయనకు అన్నం సయించలేదు.

ఇప్పుడు రేవమ్మ ముందు పీట మీద ఎవరినీ కూర్చోనివ్వదు. పడవ కిక్కిరిసి ఉన్నా ఆ పీట ఖాళీయే. అర్థాలాయన రోజూ ఆ పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్తాడు. అక్కడ అతనికి పనేమీ లేదు. ఆమెకు ఒక మాట చెప్పాలని ఎక్కుతాడు. చెప్పకుండా దిగుతాడు.

మొన్న పడవలో ఇంకెవరూ లేరు. ఏటి మధ్యలో రేవమ్మ అతని మొహంలోకి చూసింది.

“పెదవులు కదులుతున్నాయి నాయనా. ఏదో అంటున్నావు. తెడ్డు చప్పుడులో వినపడటం లేదు.”

అని తెడ్డు పైకెత్తి పట్టుకుంది. ఏరు నిశ్శబ్దంగా ఉంది. తెడ్డు కొస నుంచి నీళ్ళు కారడం ఆగేదాకా ఆమె ఎదురుచూసింది.

“ఏం లేదత్తా,” అన్నాడు. ఒడ్డు తగిలాక, “వెళ్ళొస్తాను,” అన్నాడు.

ఇక్కడినుంచి ‘అతను’ అంటే కుదరదు. ఆమెకు చెప్పలేకపోయిన మాట మీకు చెబుతాను. చిన్నప్పుడు తాత పడుకున్న వేళ చూసి, ఆయన పంచాంగంలో కలల ఫలితాల పేజీ చింపి మరమరాలు పొట్లం కట్టుకున్నాను. తాతకు చెప్పలేదు. ఊరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ నేను వేలు పెట్టి చదివింది దాని పక్క పేజీ. ఒంటి మీద ఎక్కడ బల్లి పడితే ఏం జరుగుతుందో అందులో ఉంటుంది.

పాదం మీద పడితే ప్రయాణం.