గుత్తి రాళ్ళలో సముద్రం

తిప్పేస్వామికి సముద్రం దొరికింది. గురువుగారు ఒప్పుకోవడం లేదు. గొడవల్లా అదే.

దొరికింది కూడా గుత్తి దగ్గర, తాగే నీళ్ళకే కటకటలాడే చోట, కొండల్లో. పరిశోధన కోసం నాలుగేళ్ళు ఆ కొండల మధ్య ఒంటరిగా తిరిగాడు తిప్పేస్వామి. పగలంతా సుత్తి పుచ్చుకుని గ్రానైటు కొట్టడం, ముక్కలు సంచిలో వేసుకోవడం, పొద్దుగూకాక ఏ బడి వరండాలోనో పడుకోవడం. మాట్లాడే మనిషి లేక మొదటి ఏడాది రాళ్ళతో మాట్లాడాడు. రెండో ఏటికి అవి జవాబు చెబుతున్నట్టు అనిపించడం మొదలైంది. అది పిచ్చికి మొదటి మెట్టో శాస్త్రానికి మొదటి మెట్టో ఆ వయసులో తేల్చుకోవడం కష్టం.

ఆ రాళ్ళను పొడి కొట్టి పరీక్షకు పంపితే, వాటిలో నియోబియం అనే లోహం బాగా తక్కువని, స్ట్రాన్షియం బాగా ఎక్కువని తేలింది. సముద్రపు అడుగుభాగం పక్కనున్న నేల కిందికి దూరి పోయే చోట పుట్టే రాళ్ళ లక్షణం అది. ఏ గ్రానైటు ఎలాంటి చోట పుట్టిందో చెప్పడానికి గడులు గీసిన పటం ఒకటి ఉంటుంది. తిప్పేస్వామి తన అంకెలను దాని మీద చుక్కలుగా పెట్టుకుంటూ వచ్చాడు. చుక్కలన్నీ సముద్రపు అడుగు దూరి పోయే చోటి గడిలోనే పడ్డాయి. అంటే ఈ గ్రానైటు పుట్టిననాడు, రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ కిందట, గుత్తి పక్కన ఒక సముద్రం మూసుకుపోతూ ఉండాలి. ఆ రోజు సంతోషంతో అతనికి అన్నం సయించలేదు.

పటం తీసుకుని నేరుగా తన గురువు పైడిరాజు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

పైడిరాజు మాస్టారు ముప్పై ఏళ్ళుగా అనంతపురం విశ్వవిద్యాలయంలో రాళ్ళ పాఠం చెబుతున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు. క్వార్టర్సులో రెండు గదులు, ఒక స్టవ్వు, గోడవారగా రాళ్ళ పెట్టెలు. క్లాసులో తప్ప నోరు విప్పేది తక్కువ. వచ్చే వేసవికి రిటైరవుతారు. తర్వాత ఎక్కడికి వెళతారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మాస్టారు పటాన్ని చాలాసేపు చూశారు.

"రాయి బాగానే చెప్పిందిరా. ఎవరి సంగతి చెప్పింది?"

"దాని సంగతే సార్. ఇంకెవరిది చెప్తాది?"

ఆయన వేలు కాగితం అడుగున ఉన్న వయసుల లెక్కకు జారింది. గ్రానైటు లోపల జిర్కాన్ అనే చిన్న చిన్న గింజలుంటాయి. రాళ్ళ వయసు వాటిని బట్టే కడతారు. తిప్పేస్వామి రాళ్ళలో కొన్ని గింజలు మాత్రం రాయి కంటే వయసులో చాలా పెద్దవిగా తేలాయి.

"ఇవేటి మరి?"

"ఏవో కొన్ని గింజలు సార్. యాడివో వచ్చి కలిసినట్టుండాయి. పక్కన పెట్టేసినా."

మాస్టారు పటాన్ని మడత పెట్టి తిరిగి ఇచ్చేశారు. "విశాఖపట్నం సదస్సులో పత్రం చదువుకో. నా పేరు మాత్రం పెట్టకు."

అది తిప్పేస్వామి మొట్టమొదటి పరిశోధనా పత్రం. శిష్యుడి పత్రం మీద గురువు పేరు లేదంటే సభలో నలుగురూ చెవులు కొరుక్కుంటారు. పోనీ గురువు మాట విని సముద్రం తీసేద్దామా అంటే, ఇక మిగిలేది రాళ్ళు. రాళ్ళు ఎవరికి లేవు? నాలుగేళ్ళ ఒంటరితనానికి దక్కింది ఆ సముద్రం ఒక్కటే. దాన్ని వదులుకోవడం అతనివల్ల కాలేదు. అలాగని మాస్టారి మీద కోపం నిలుపుకోవడం కూడా చేతకాలేదు. జ్వరంతో కొండ దిగి వచ్చిన ప్రతిసారీ గంజి కాచి ఇచ్చింది ఆయనే.

సదస్సుకు మాస్టారు కూడా బయల్దేరారు. ఒకరోజు ముందే విశాఖపట్నం చేరారు ఇద్దరూ. లాడ్జిలో సామాను దింపాక తిప్పేస్వామి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చెప్పాలని ఊరినుంచీ దాచుకొచ్చిన మాట ఒకటుంది.

"సార్, ఈ రోజంతా ఖాళీనే కదా. మిమ్మల్ని మీ ఊరికి పిలుచుకోని పోతా."

"ఏ ఊరు?"

"దాచద్దండి సార్. విశాఖపట్నం అవతల నౌపడ."

మాస్టారు చేతిలోని తువ్వాలు చేతిలోనే ఉంది. "నీకెలా తెలిసింది?"

"ఎవురూ చెప్పలేదు సార్, నేనే కనిపెట్టినా." తిప్పేస్వామికి ఉత్సాహం ఆగడం లేదు. "మీ నోట్లో 'ఏటి', 'నేదు' వస్తాయి. మా అనంతపురంలో ఇంకెవరికీ రావు. మీ పేరు ఆ పక్క అమ్మవారు పైడితల్లి పేరు. మీరు కూరలో ఆవ నూరి పెడతారు. ఇంగ, తెల్లరాయి యాడ కనపడినా 'నౌపడ ఉప్పులా ఉంది సూడు' అంటారు. అన్నీ పెట్టి చూస్తే ఒక్క చోటనే పడినాయి. మిమ్మల్ని ఒక్క మాట గూడా అడగలేదు సార్!"

అడగకుండా తెలుసుకున్నందుకు అతనికి గర్వంగా ఉంది. రాళ్ళనైనా మనుషులనైనా చదవడం తనకు వచ్చేసిందని నిరూపించినట్టే కదా.

మాస్టారు కాదనలేదు. తువ్వాలు కొక్కానికి తగిలించి చెప్పులు వేసుకున్నారు.

"పద, తీసుకెళ్ళు."

పాసింజరు బండి నౌపడలో దింపి వెళ్ళిపోయింది. స్టేషను బయట గాలి ఉప్పగా తగిలింది. దూరంగా ఉప్పు మళ్ళు, గట్ల మీద తెల్లటి కుప్పలు. మనుషులు ఎక్కడో ఒకరు. తిప్పేస్వామి సంచి భుజాన వేసుకుని మాస్టారు నడుస్తారని నిలబడ్డాడు. మాస్టారు అతను నడుస్తాడని నిలబడ్డారు.

"ఇల్లు ఏ పక్క సార్?"

"నువ్వే చెప్పాల. కనిపెట్టినోడివి నువ్వు."

మాస్టారు ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వాడు తిప్పేస్వామి. ఎదురుగా తాటాకు పందిరి కింద ఒక ముసలామె టీ కాస్తోంది. ఇద్దరూ అక్కడికి నడిచారు.

"రెండు టీలియ్యమ్మా. పంచదార కొంచెం తగ్గించీ," అన్నారు మాస్టారు.

ఆ యాస వినగానే ముసలామె తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది. "మనోడివేనా? నేనేటో పై ఊరోలనుకున్నాను. ఎవలింటోడివి బాబూ?"

మాస్టారు గ్లాసు అందుకున్నారు.

"ఎవలింటోడివి అంటే పలకవేటి?"

"మా అమ్మది ఈ ఊరే. కన్నమ్మ."

"ఏ కన్నమ్మ? ఇక్కడ ఇంటికో కన్నమ్మ ఉంటాది. ఇంటిపేరేటి? ఏ పేట?"

"తెలీదమ్మా."

ముసలామె చేతిలో గరిటె ఆగింది. "అమ్మ పుట్టిల్లు తెలీదేటి బాబూ? ఎప్పుడూ రానేదా?"

"నేదు. రావడం ఇదే మొదలు."

తిప్పేస్వామి చేతిలో టీ ఒలికి వేలు కాలింది. అతను చూసుకోలేదు. మాస్టారి ముఖం వంక చూస్తున్నాడు. అక్కడ ఆటా లేదు, వేళాకోళమూ లేదు.

ముసలామెకు జాలేసింది కాబోలు, ఇక ఆపలేదు. ఏ కన్నమ్మ ఎవరికి వదినో, ఎవరు ఉప్పు మళ్ళు అమ్ముకుని పోయారో, ఏ కన్నమ్మ కొడుకు తల్లికి కూడు పెట్టడం లేదో అన్నీ చెప్పుకొచ్చింది. వాళ్ళలో మాస్టారి అమ్మ లేదు. అయినా మాస్టారు ప్రతి మాటా వింటున్నారు. గ్లాసు ఖాళీ అయితే ఇంకొకటి అడిగారు. అదీ అయిపోతే మరొకటి. ఆయన టీ తాగే మనిషి కాదు. తిప్పేస్వామికి ఆ సంగతి తెలుసు.

తర్వాత ఇద్దరూ ఉప్పు మళ్ళ గట్టు మీద నడిచారు. చాలాదూరం వెళ్ళాక తిప్పేస్వామి అడిగాడు.

"మరి మీరు పుట్టింది యాడ సార్?"

"గుత్తి అవతల, రైలు గేటు పక్క గదిలో. నీ కొండ కిందే."

తిప్పేస్వామి నిలబడిపోయాడు. ఆ గేటు అతనికి తెలుసు. దానికి ఆనుకుని ఉన్న బండ మీదే అతను మొదటి సుత్తి దెబ్బ వేసింది.

"నాన్న గుత్తి మనిషే. రైలు పట్టాల పనికని ఇటొచ్చి అమ్మను తీసుకుపోయాడు. అమ్మ వాళ్ళు మళ్ళీ ఆవిడ మొహం చూడలేదు. నేను ఉయ్యాల్లో ఉండగానే నాన్న పోయాడు. గేటు పని అమ్మకిచ్చారు. చుట్టుపక్కల ఇల్లు లేదు. నాతో మాట్లాడే మనిషి అమ్మొక్కతే." మాస్టారు వంగి గట్టు మీది ఉప్పు కొంచెం తీసి చూసి, మళ్ళీ అక్కడే వేసేశారు. "బడికెళ్ళేసరికి అమ్మ మాటే నాకు గట్టిపడిపోయింది. పిల్లలు నవ్వేవోరు. నవ్వితే ఏటి సేస్తాను, నాకొచ్చింది అదే. అమ్మ పోయాక నాతో ఇలగ మాట్లాడినవాళ్ళు ఇంక లేరు."

"ఇన్నేండ్లలో మీరు ఈడికి ఎందుకు రాలేదు సార్?"

"ఎవరింటికని వస్తాను?"

తిప్పేస్వామికి కళ్ళు మండాయి. గాలిలో ఉప్పు వల్ల కాదు. నాలుగేళ్ళుగా ఈ మనిషిని దూరదేశపు చుట్టంలాగా చూశాడు తను. మన ఎండలు మీకు పడవు సార్ అంటూ గొడుగు పట్టేవాడు. తీరా చూస్తే ఇద్దరిదీ ఒకే నేల.

"లాడ్జిలోనే చెప్పుంటే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు గదా సార్."

"నువ్వడగలేదు కదా."

అంతే అన్నారు. మాటలో నిష్ఠూరం లేదు. వెనక్కి తిరిగి స్టేషను వైపు నడిచారు. పందిరి దాటుతుంటే ముసలామె, "మళ్ళీ రా బాబూ," అని కేకేసింది. మాస్టారు చెయ్యెత్తారు గాని ఆగలేదు.

తిరుగు బండిలో మాస్టారు కిటికీ పక్కన కళ్ళు మూసుకున్నారు. తిప్పేస్వామి పత్రం బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చుక్కలన్నీ ఇంకా ఆ గడిలోనే ఉన్నాయి. ఒక్కటీ కదలలేదు. అంకెల్లో తప్పు లేదు. చదివేస్తే చదివేయవచ్చు, రేపటి సభలో అడిగేవాడు ఉండడు. చప్పట్లు కూడా గట్టిగానే పడతాయి. పక్కన పెట్టిన ముసలి గింజల అంకెలు వెతికి తీసి, మళ్ళీ మళ్ళీ చూశాడు. విశాఖపట్నం వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఆ గింజలు అతని రాళ్ళలోకి ఎక్కడినుంచో దారితప్పి వచ్చినట్టు ఇప్పుడు అనిపించడం లేదు.

మర్నాడు సభలో తిప్పేస్వామి పటం చూపించాడు. నియోబియం సంగతి చెప్పాడు. ఆ తర్వాత ముసలి గింజల పటం చూపించి, తన రాళ్ళు అంతకన్నా పాత రాళ్ళు మళ్ళీ కరిగితే పుట్టినవి కావచ్చని, ఆ నియోబియం లక్షణం వాటి దగ్గరనుంచి వచ్చింది కావచ్చని చెప్పి ఆపేశాడు. అధ్యక్ష పీఠం మీదున్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"ముందు మీరు పంపిన సారాంశంలో సముద్రం దొరికిందని రాశారు. దానికోసమే చాలామంది వచ్చాం. ఇప్పుడు దాని ఊసే లేదేమండీ?"

తిప్పేస్వామి మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ రాళ్ళ తల్లికి సముద్రం తెలుసండీ. వీటిని కన్ననాడు ఆ సముద్రం పక్కనే ఉండిందో, ఎప్పుడో వదిలేసి వచ్చిందో నాకింకా తెలీదు. అడిగి తెలుసుకోవాల."

వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కొందరు లేచి టీ కోసం వెళ్ళిపోయారు. చప్పట్లు పడ్డాయి గాని, అలవాటుగా కొట్టే చప్పట్లే. తిప్పేస్వామి కాగితాలు సర్దుకుని ఖాళీ చేతులతో వస్తున్నవాడిలా దిగి వచ్చి, మాస్టారి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

మాస్టారు వేదిక వైపే చూస్తున్నారు. తర్వాతి పత్రం మొదలయ్యాక, అటే చూస్తూ మెల్లగా అన్నారు.

"అచ్చుకిచ్చేటప్పుడు కింద నా పేరు కూడా పెట్టీరా. ఒక్కడివే అయిపోయావు."