రెండో గరిటె నీళ్ళ అంకమ్మ

ఊ కొట్టేవాళ్ళు ముందుకి జరగండి, కునికేవాళ్ళు గోడకి జరగండి. అనగా అనగా, మన తాతలు ఇంకా లాగూలు జారిపోతుంటే పైకి లాక్కుంటూ తిరిగే రోజుల్లో, వాగు ఒడ్డున రేగులపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక హైస్కూలు. ఆ హైస్కూలు వరండాలో మూడు కుండలు. ఆ మూడు కుండల పక్కన ఒక అంకమ్మ.

అంకమ్మ పని పిల్లలకి నీళ్ళు పోయడం. కొబ్బరిచిప్ప గరిటెతో ముంచేది, దోసిట్లో పోసేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. వేలిముద్ర కూడా వంకరగానే పడేదట. అది ఊళ్ళోవాళ్ళ మాట, కథ చెప్పేవాళ్ళ మీద విరుచుకుపడకండి.

ఆ బడి పిల్లలంత గట్టిగా చదివేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. వాళ్ళు వల్లె వేస్తే వాగు అవతల మేసే గేదెలు తలెత్తి చూసేవి. పంతుళ్ళు మురిసిపోయేవాళ్ళు. తీరా పెద్ద పరీక్షలో కూర్చున్నాక మొదటి వాక్యం గుర్తొచ్చేది కాదు. అది రాకపోతే మిగతా పాఠమంతా దాని వెనకే పారిపోయేది. ఒక ఏడు ముగ్గురు పాసయ్యారు. మరుసటి ఏడు ఇద్దరు. ఆ మరుసటి ఏడు ఒక్కడు. ఆ ఒక్కడూ మేనమామ ఇంటికి వచ్చి, పనిలో పనిగా బళ్ళో చేరినవాడు.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. హెడ్మాస్టరు సదాశివయ్యగారికి చెమటలు పట్టాయి.

"ఈ ఏడూ ఇంతే అయితే వచ్చే ఏడు బడికి తాళమే," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "మీ పిల్లలు వాగు దాటి అవతలి ఊరి బడికి పోవలసిందే."

నీళ్ళు తెచ్చిన అంకమ్మ ఆ మాట విన్నది. ఇంటికెళ్ళి కోడలు వెంకాయమ్మకి చెప్పింది. వెంకాయమ్మ మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"తాళం పడితే పడనీ అత్తా," అంది వెంకాయమ్మ. "ఆడపిల్లని వాగు దాటించి పంపుతానా? వచ్చే ఏడు నాతో కూర్చుని తొడిమలు తీస్తుంది."

మనవరాలు మాణిక్యం అప్పుడు తొమ్మిదో తరగతి. పుస్తకం మూసింది, తల్లి పక్కన కూర్చుంది, తొడిమలు తీయడం మొదలుపెట్టింది. వాదించి ఉంటే అంకమ్మ తట్టుకునేది. పిల్ల ఏమీ అనకపోయేసరికి ఆవిడకి ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు పేరయ్య అనే పదో తరగతి పిల్లాడు కుండల దగ్గర నిలబడి "బాష్పీభవనం ఒక శీతలీకరణ ప్రక్రియ, బాష్పీభవనం ఒక శీతలీకరణ ప్రక్రియ" అని గొంతు చించుకుంటున్నాడు.

"ఏంట్రా అది?" అంది అంకమ్మ.

"ఏమో అవ్వా. చదువుతున్నా."

"తెలియకుండానే అంత గట్టిగా అరుస్తున్నావా!"

అంకమ్మ ముక్కున వేలేసుకుంది. అతని దోసిట్లో ఒక గరిటె పోసింది. "ఇది దాహానికి. రెండో గరిటె కావాలంటే అదేంటో నాకు చెప్పు."

పేరయ్య చెప్పాడు. "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు," అంది. మళ్ళీ చెప్పాడు. "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు." మూడోసారి పేరయ్య పుస్తకం పక్కన పడేశాడు. నీళ్ళు ఆవిరై పోతూ పోతూ వేడిని వెంట తీసుకుపోతాయన్నాడు.

"ఓస్, నా కుండ చెమర్చడమా!" అంది అంకమ్మ. "మరి నూనె చేతుల వెధవ ఎవడైనా కుండని తడిమితే నీళ్ళు చల్లబడవే, ఎందుకురా?"

పేరయ్య తల గోక్కున్నాడు. నూనెతో కుండ రంధ్రాలు పూడుకుపోతాయని వాడంతట వాడే కనిపెట్టాడు. ఎగిరి గంతేశాడు. రెండో గరిటె తాగాడు.

రెండో నాడు రాజ్యమనే పిల్ల వక్రీభవనం తెచ్చింది. "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు." మూడోసారికి ఆ పిల్ల విసిగిపోయి గరిటె లాక్కుని కుండలో ముంచింది. "చూడవ్వా, కాడ విరిగినట్టుందా? విరిగిందా? లేదుగా? అదే వక్రీభవనం!" చెప్పాక రాజ్యమే నోరు తెరుచుకుని ఆ కాడని చూస్తూ ఉండిపోయింది.

మూడో నాడు తరగతికల్లా మొదటివాడు, చిదంబరం, దర్జాగా వచ్చాడు. "లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం..."

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అదే ముక్క. చివరికి నేల మీద బొమ్మ గీశాడు. ఇటు మూడు, అటు నాలుగు, అడ్డంగా ఐదు. అంకమ్మ పకపకా నవ్వింది. వయసులో ఉండగా ఆవిడ తాపీ మేస్త్రుల దగ్గర సున్నం మోసింది లెండి. "ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి తాడుతో కొలిచి మూల కుదిర్చేది ఇలాగేరా! ఈ మాత్రం దానికి అంత పెద్ద పేర్లా?"

చిదంబరం మొహం చిన్నబోయింది. కానీ ఆ లెక్క జన్మలో మరిచిపోలేదు.

సదాశివయ్యగారు ఒకరోజు కోపంగా వచ్చారు. "ఏం అంకమ్మా, బెల్లు కొట్టి పావుగంటయింది. పిల్లలింకా నీ దగ్గరే ఉన్నారు."

"తమరి దగ్గర అరుస్తున్నారు పంతులుగారూ, నా దగ్గర చెబుతున్నారు."

ఆయన కాసేపు నిలబడి విన్నారు. తర్వాత బెల్లు పావుగంట ఆలస్యంగా కొట్టమన్నారు.

పరీక్షలొచ్చాయి. ముప్ఫై ఒక్కరు రాస్తే ముప్ఫై ఒక్కరూ పాసయ్యారు. ఇన్‌స్పెక్టరుగారు జాబితా మూడుసార్లు చదివారు. "గాలివాటంగా అయివుండొచ్చు. వచ్చే ఏడూ ఇలాగే వస్తే తాళం మాట ఎత్తను," అని వెళ్ళిపోయారు.

ఇక పంతుళ్ళంతా కూర్చుని వచ్చే ఏటి ప్రణాళిక రాశారు. పొద్దున క్లాసులు, సాయంత్రం క్లాసులు, వారం వారం పరీక్షలు. మూడు కాగితాలు నిండాయి. సదాశివయ్యగారు అంకమ్మని పిలిచి "నీకేం కావాలో చెప్పు," అన్నారు.

"ఇంకో కుండ," అంది అంకమ్మ. "మాటలు పెరిగాయి, దాహం పెరిగింది."

ఆ ఏడు మాణిక్యం పదికొచ్చింది. నాలుగు కుండలూ నిండుగా ఉండేవి. పుష్యమాసంలో ఒక పొద్దున అంకమ్మ నాలుగో కుండ కూడా నింపి, గోడకి చేరగిలబడి, అలాగే వెళ్ళిపోయింది.

బడి మూగబోయింది. మూగబోతే బాగుండును, వారం తిరక్కుండా మళ్ళీ వల్లె వేయడం మొదలైంది. గేదెలు మళ్ళీ తలెత్తాయి. పరీక్షలకి రెండు నెలలే ఉన్నాయి.

సదాశివయ్యగారే వెళ్ళి కుండల దగ్గర గొంతుక్కూర్చున్నారు. "నాకు చెప్పండర్రా."

"మీకు తెలుసు కదండీ," అన్నారు పిల్లలు.

బెల్లు కొట్టే రోశయ్యని కూర్చోబెట్టారు. పిల్లలు ఏం చెప్పినా అతను "అర్థమైంది, అర్థమైంది, పదండి," అనేవాడు.

చివరికి మునసబుగారు తానే వచ్చి కూర్చున్నారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. కానీ మునసబు అయివుండి ఆ మాట పైకెలా అంటారు? మీసం దువ్వుకుని "భేష్," అన్నారు.

తెలియనితనం ఊళ్ళో బోలెడుంది. సిగ్గుపడకుండా మళ్ళీ చెప్పమనే మనిషే దొరకలేదు. అంకమ్మ విలువ అప్పుడు తెలిసింది ఊరికి.

ఆ సాయంత్రం మాణిక్యం ఇంటికెళ్ళి తల్లి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, ఒకటి చెబుతా వింటావా?"

"నాకేం తెలుసే, నాకు చెబుతావు?"

"తెలియదనేగా నీకు చెబుతోంది."

వెంకాయమ్మ తొడిమలు తీస్తూనే విన్నది. ఒక తొడిమ తీసింది, రెండో తొడిమ తీసింది, మూడో కాయ చేతిలోనే ఉండిపోయింది. అత్త పోయాక ఆ ఇంట్లో ఇంతసేపు మాటలు వినపడటం అదే మొదలు.

"అర్థం కాలేదు," అంది మెల్లగా. "మళ్ళీ చెప్పు."

మాణిక్యం తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. వేసి, మళ్ళీ చెప్పింది. మర్నాడు బళ్ళో అందరికీ ఈ సంగతి చెప్పింది. పిల్లలందరూ ఎవరి ఇంటికి వాళ్ళు పరిగెత్తారు. ఒకరు తల్లికి, ఒకరు పెద్దమ్మకి, ఒకరు మంచం దిగని తాతకి. పిండి రుబ్బుతూ విన్నారు, గేదె పాలు పితుకుతూ విన్నారు, విని మళ్ళీ చెప్పమన్నారు.

నలభై మంది పరీక్ష రాశారు. నలభై మందీ పాసయ్యారు. ఇన్‌స్పెక్టరుగారు తాళం మాట ఎత్తలేదు. వెంకాయమ్మ బజారు మధ్యలో నడుస్తుంటే పక్కింటామె అడిగింది. "మీ మాణిక్యం పాసైందంటగా వదినా?"

"మాణిక్యం ఒక్కతేనా? నేనూ పాసయ్యా," అంది వెంకాయమ్మ. అని, తలెత్తుకుని వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఆ హైస్కూల్లో వచ్చే ఏటి ప్రణాళిక రాసేటప్పుడు, క్లాసులూ పరీక్షలూ అన్నింటికంటే ముందు "ఇంటికొక అంకమ్మ" అని రాస్తారు. ఇక ఫలితాలొచ్చిన రోజున రేగులపాడులో ఎవరూ "మీ పిల్ల పాసైందా?" అని అడగరు. "మీ ఇంట్లో ఎంతమంది పాసయ్యారు?" అని అడుగుతారు.

"ముగ్గురం," అంటుంది ఒకావిడ గడపలో నిలబడి. "పాపం, మా ఆయనొక్కడే సైన్సులో పోయాడు."